వక్కాకు సంచిలో చిన్న కత్తి

ఉదయభానుడు నీలగ్రీవ పర్వతాల భుజాల మీద ఎర్రపట్టు ఉత్తరీయం పరిచి, ఏనుగు తొండాల వంటి మేఘాలకు బంగారు తొడుగులు తొడిగి, లోయలోని కత్తులపేట కప్పుల మీద కుంకుమ చల్లుతున్న వేళ, తిప్పడు ఆ ఊరి పొలిమేరలో ఒక బండ మీద కూర్చుని కాల్లో దిగిన ముల్లును ఇంకో ముల్లుతో తీసుకుంటున్నాడు. కొడవలి ఉంటే ఆ పని ఎప్పుడో అయ్యేది. కొడవలిని నిన్న నాగులేరు దాటుతూ మొసలి నోట్లో నిలువుగా పెట్టి వచ్చాడు. మొసలి ఇంకా నోరు మూయలేక అక్కడే ఉండి ఉంటుంది.

తిప్పడి అన్న ఓబులేసు పేరుమోసిన మల్లుడు. తలుపంత ఛాతీ, దూలాల వంటి చేతులు, మనిషెత్తు ఖడ్గం. సూదంటుకొండలో ఉండే ధూమజటి అనే మాంత్రికుడి జడ కోసి తెస్తానని తాలింఖానాలో అందరి ముందూ తొడగొట్టి పోయాడు. పోయినవాడు రాలేదు. కొండ నెత్తి మీది పొగబిలంలోంచి తొంగి చూసిన మేకల కాపరి ఒకడు కబురు తెచ్చాడు. లోపలికి పోయిన మగవాళ్ళంతా ఎద్దులై మాంత్రికుడి గానుగ తిప్పుతున్నారనీ, వాళ్ళలో కొత్త ఎద్దును అమావాస్యనాడు దీపాలవేళకు బలి ఇస్తారనీ.

అమావాస్య ఇవ్వాళే.

కాపరి ఇంకో మాట కూడా చెప్పాడు. కొండ వాకిలి మొత్తం సూదంటురాయి. ఎంత పెద్ద కత్తి తీసుకుపోతే అంత బలంగా లాగేసుకుంటుంది. పోయిన వీరులంతా పెద్ద కత్తులే తీసుకుపోయారు. కాబట్టి తిప్పడు చిన్నది తీసుకుపోదామనుకున్నాడు. అతని యుద్ధ వ్యూహం అంతకంటే పెద్దదేమీ కాదు.

మిగతా సరంజామా అంతా అతని మొలలో దోపుకున్న వక్కాకు సంచిలోనే ఉంది. గుప్పెడంత సంచి, మూడు అరలు, మూతికి నూలుతాళ్ళు. వక్కల అరలో చెకుముకి రాయి, బూరుగు దూది, మైనం పట్టించిన దారం, ఒక గాలం. సున్నపుకాయ పక్కన ఉప్పుగల్లు, బెల్లంముక్క. మూడో అరలో మాత్రం నవనవలాడే తమలపాకులు, ఎండకుండా తడిగుడ్డ చుట్టి.

ఆ దేశంలో వక్కాకుకు రాజు కంటే ఎక్కువ అధికారం ఉంది. అడిగినవాడికి వక్కాకు లేదనకూడదు. పెట్టినవాడు, తిన్నవాడి నోరు పండేదాకా, తిన్నవాడు కోరింది కాదనకూడదు. అందుకే అక్కడివాళ్ళు పెట్టేటప్పుడు సున్నం దండిగా రాస్తారు, నోరు తొందరగా పండి పీడ వదలాలని. ఇక అడిగితే లేదన్నవాడి గతి మరీ హీనం. అడిగినవాడు ఏ చాకిరీలో ఉన్నాడో ఆ చాకిరీ తన నెత్తికెత్తుకుని, వాణ్ణి విడిచిపెట్టాలి. ఈ కట్టుబాటును దొంగలు తప్పరు, రాక్షసులు తప్పరు. తప్పినవాడి నాలుక రాయి అవుతుంది.

ముల్లు వచ్చింది. తిప్పడు లేచి కుంటుతూ పేటలోకి నడిచాడు.

కత్తులపేట నడివీధిలో పదునుల పాపమ్మ అంగడి అంటే చూసి తీరవలసిందే. స్తంభాలకు బాకులు తోరణాలు కట్టి ఉన్నాయి. గోడల మీద చంద్రవంకల వంటివి, పాముపడగల వంటివి, మొగలిరేకుల వంటివి, చేపతోకల వంటివి కత్తులు వరసలు తీరి, తొలిఎండకు ఒక్కసారిగా మెరిసి, దారిన పోయేవాడి కళ్ళు మూయిస్తున్నాయి. కెంపుల పిడులు, దంతపు పిడులు, ఏనాడో చచ్చిన గండభేరుండం గోటితో చేసిన పిడి. వీటన్నిటి నడుమ సానరాయి ముందు, కాళ్ళు బార్లా చాపుకుని, ఒళ్ళో చేటతో పాపమ్మ ఉల్లిగడ్డలు తరుగుతోంది. ముడతలు పడ్డ ముఖం, ముడతపడని నోరు.

కత్తి కావాలంటే ఎంతటిదని అడిగింది. తిప్పడు చిటికెనవేలు చూపించాడు. పాపమ్మ ఆ వేలునూ, తిప్పణ్ణీ, అతని కుంటుకాలునూ మార్చి మార్చి చూసి, పుచ్చకాయ కొయ్యడానికి కూడా చాలదే, ఎవరిని చంపుదామని బయల్దేరావంది. చంపడానికి కాదు, సంచిలో పెట్టుకోడానికన్నాడు తిప్పడు.

ఆమె మొదట తీసింది ఏడు నాలుకల కత్తి. వెండి పిడిలోంచి ఒక్కొక్కటే బయటికి వచ్చింది. చాకు, చెవిపుల్ల, పంటిపుల్ల, ముల్లు తీసే సూది, దువ్వెన, కుంకుమ తీసే చెంచా. ఏడోది ఎందుకో చేసినవాడికీ తెలియదట. తిప్పడు సంబరంగా అన్నీ తెరిచాడు. మూయబోతే దువ్వెన ముందు మూయాలంది చాకు. చెంచా మూయందే దువ్వెన కదలలేదు. సూది కోసం తడిమితే ఏడోది వచ్చి బొటనవేలు గీరింది. చివరికి ముళ్ళపంది లాంటి ఆ వస్తువును మెల్లిగా కింద పెట్టి దూరం జరిగాడు.

రెండోది మాటకత్తి. దంతపు పిడికి ఆడమనిషి నోరు చెక్కి ఉంది. ఎవరి చేతిలో పడితే వాళ్ళను గురించి నిజం చెబుతుందట. తిప్పడి చేతిలో పడగానే అది ఆవులించి, "వీడు కొనేవాడు కాదు పాపమ్మా, వేళ్ళు వణుకుతాండాయి, పొద్దున సంగటి కూడా తిన్లేదు," అంది. శత్రువు ముందు ఈ మాటలే అంటే తన పని ఏమవుతుందో ఆలోచించి తిప్పడు దాన్ని నోరు కిందికి ఉండేలా బోర్లా పెట్టాడు.

మూడోది నీడకోత. వేటి నీడనైనా కోస్తుంది. పాపమ్మ ఒక సొరకాయ నీడను నిలువునా చీల్చి చూపించింది. కాయ మాత్రం చెక్కుచెదరలేదు. నీడ తెగితే కాయ తెగదా అనడిగాడు తిప్పడు. తెగుతుంది, కానీ ఏడాది పడుతుందని ఆమె ఒప్పుకుంది.

ఇట్లా కత్తుల మీద కత్తులు వస్తున్నాయి, పోతున్నాయి. తిప్పడు నోటితో వాటిని మెచ్చుకుంటూనే కళ్ళతో ఇంకొకటి చూస్తున్నాడు. ఇన్ని కత్తులు అమ్ముకునే మనిషి, తనకు కావలసి వచ్చినప్పుడల్లా చేతిని ఒకే చోటికి పోనిస్తోంది, ఒళ్ళోకి. ఉల్లిగడ్డ తరిగింది దానితోనే. మోకు తెంపింది దానితోనే. వత్తి కొస కత్తిరించింది, గోరు తీసుకుంది, మాట మధ్యలో వీపు గోక్కుంది. పొట్టేలికొమ్ము పిడి, చిటికెన వేలంత రేకు, రేకు మొదట్లో చిన్న తుప్పుచుక్క. రేకు తోక పిడిలో సగంలో ఆగిపోకుండా వెనక చివరిదాకా వచ్చి కనబడుతోంది, ఊడే పని లేదు. రేకు వీపు మందం, దాని అంచులు చదరం, చెకుముకి మీద కొడితే నిప్పు రాలుతుంది. పదునువైపు గాటన్నది లేదు.

తిప్పడు చతికిలబడి, చేతులు జోడించినంత మర్యాదగా, "అవ్వా, ఒక వక్కాకు పెట్టవా," అన్నాడు.

పాపమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆమె ముఖంలో నవ్వు సానరాయి కింద పడినట్టు సన్నగా అరిగింది. లేదనే వీలు లేదు. ఆకు తీసింది, వక్క పెట్టింది, రెండు వేళ్ళతో సున్నం తీసి గోడకు పూసినట్టు పూసింది. తిప్పడు నోట్లో పెట్టుకున్నాడో లేదో, మాట బయటికి తోశాడు.

"నీ ఒళ్ళో కత్తి కావాల."

"అది అమ్మేది కాదురా."

"నేను కొనేది కూడా కాదు గదవ్వా. అడిగేది."

పాపమ్మ కత్తిని కొంగుకు తుడిచి, అతని చేతికివ్వకుండా నేల మీద పెట్టింది. "తీసుకో. కత్తి చేతికిస్తే ఇద్దరికీ జగడమొస్తాదంటారు. మనకొచ్చేది ఎట్లానూ వచ్చె."

తిప్పడు తీసుకుని, దాంతోపాటే దానికొక ఒర కూడా కావాలని మొదలుపెట్టాడు. నోరు తెరవమంది పాపమ్మ. తెరిచాడు. నాలుక కోడిజుట్టులా ఎర్రగా ఉంది. "పండింది," అని ఆమె మళ్ళీ ఉల్లిగడ్డ చేతికి తీసుకుంది, ఈసారి మొగలిరేకు బాకుతో. మొదటి గాటుకే వేలు తెగింది.

సున్నం ఎంత ఎక్కువైతే నోరు అంత త్వరగా పండుతుంది. తిప్పడు ఆ సంగతి మనసులో ఒక మూల పెట్టుకుని, పోకచెట్టు పట్ట ముక్క మడిచి ఒర చేసుకున్నాడు. కత్తి సంచిలో పట్టలేదు. వక్కల అర నిండుగా ఉంది, సున్నపుకాయ కదలదు. మూడో అరలో ఆకులు తీసి అక్కడే నేల మీద వదిలేసి, కత్తిని సుఖంగా పడుకోబెట్టి, మూతి బిగించాడు. కొత్త చెప్పులు తొడుక్కున్నవాడిలా రెండడుగులు ముందుకూ వెనక్కూ నడిచి చూసుకున్నాడు.

పాపమ్మ ఒక్కొక్క ఆకే ఏరి, తడిగుడ్డలో చుట్టి, మోకాలి కింద పెట్టుకుంది. ఆకులు పారేసుకుంటున్నావేమని అడిగింది. కత్తికి చోటు కావాలన్నాడు తిప్పడు. ఆమె పళ్ళు లేని చిగుళ్ళతో మెల్లిగా నవ్వింది. తిప్పడు ఆ నవ్వును ఆశీర్వాదం అనుకుని బయల్దేరాడు.

ఒక కొండ ఎక్కి దిగి, ఒక ఏరు దాటేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఎదుట సూదంటుకొండ. నల్లటి శిలలు కాలమేఘాలు గడ్డకట్టినట్టున్నాయి. వాటి నడుమ తాడిచెట్టు ఎత్తున వాకిలి. రెండు స్తంభాలు, పైన ఒక దూలం, అంతా ఒకే నల్లరాయి. దాని నిండా ఖడ్గాలు, గండ్రగొడ్డళ్ళు, బల్లేలు, డాళ్ళు మునగచెట్టుకు కాయల్లా వేలాడుతున్నాయి. గాలి వీస్తే ఆ పనిలేని ఆయుధాలన్నీ గలగలమని, పెళ్ళివారింట్లో గిన్నెల్లా మోగుతున్నాయి. నడుమ ఎర్రకుచ్చు ఖడ్గం ఓబులేసుది.

వాకిలి ముందు అడ్డగడియ అని పేరుపడ్డ కావలివాడు కూర్చుని ఉన్నాడు. తలుపు లేని వాకిలికి వాడే తలుపు. గడ్డివామంత మనిషి, పందిరంత మీసాలు. నడుముకు కట్టిన వక్కాకు సంచి గోనెసంచి అంత ఉంది. అల్లంత దూరంలో తిప్పణ్ణి చూడగానే వాడు పెదవులు తడుపుకుని, అడగబోయేవాడిలా చెయ్యి చాచాడు.

ఆ చాచిన అరచెయ్యి చూశాక తిప్పడికి పాపమ్మ నవ్వు అర్థమైంది. సంచిలో నిప్పు రాయి ఉంది, ఉప్పు ఉంది, బెల్లం ఉంది, కత్తి ఉంది. ఆకు లేదు. అడిగాడంటే ఈ ఎండలో ఈ రాయి కింద తను కాపలా కూర్చోవాలి, అక్కడ అన్న మెడ తెగాలి.

భయంతో నోట్లోంచి వచ్చిన మాటే అతణ్ణి కాపాడింది.

"మామా, ఒక వక్కాకు పెట్టు."

అడ్డగడియ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఎన్నేళ్ళనుంచో అందరినీ తనే అడుగుతున్నాడు. తననెవరూ అడిగి ఎరగరు. గొణుగుతూ సంచి విప్పి, చేమాకంత తమలపాకు తీసి, కొబ్బరిచిప్పంత వక్కచెక్క పెట్టి, వెన్నముద్దంత సున్నం అరచేత్తో మెత్తి, మడిచి కిందికి వదిలాడు.

తిప్పడు దాన్ని ఒళ్ళో పరుచుకుని, ఇంత ఆకు తన నోట్లో పట్టదనీ, కత్తిరించుకుంటాననీ వినయంగా మనవి చేసుకుని, చిన్నకత్తి తీశాడు. తీస్తూనే అది వాకిలి వైపు కుక్కపిల్లలా గుంజింది. గుప్పిట బిగించాడు. చిన్న ఇనుము, చిన్న ఆశ. ఆగింది. ఆకు అంచులు కత్తిరిస్తున్నట్టే కత్తిరిస్తూ, రేకు వీపుతో సున్నమంతా గీకి, గీకింది గీకినట్టే సున్నపుకాయలోకి కూరాడు. కాయ నిండింది. మిగిలింది మూడో అరలోకి ఎత్తాడు. అంత ఎత్తున ఉన్న అడ్డగడియ కళ్ళకు తిప్పడి బోడినెత్తి తప్ప ఏమీ కనబడలేదు. సున్నం ఆనవాలు లేని ఆకుముక్కలో చిటికెడు వక్క పెట్టి తిప్పడు నోట్లో వేసుకున్నాడు. వక్కపలుకు ఒకటి సంచిలో పడేసుకునేలోపు మిగిలిన ఆకు గాలికి ఎగిరి లోయలో పడింది. చప్పగా, పసరుగా ఉంది. రాజభోజనంలా నమిలాడు.

సున్నం లేని ఆకు ఎంత నమిలినా పండదు.

మొదట, తన అన్న లోపలికి ఎట్లా పోయాడో చెప్పమని కోరాడు. అడ్డగడియ చెప్పక తప్పలేదు. వచ్చిన ప్రతివాణ్ణీ తను వక్కాకు అడుగుతాడట. వీరులు కదా, ఘనంగా పెడతారట. తన నోరు గాదె నోరు, పండేసరికి పూట పడుతుంది. ఆ లోపు, నాలుగు కాళ్ళ మీద ఒంగి లోపలికి పొమ్మని కోరతాడట. ఒంగి పోయినవాడు గడప దాటగానే ఎద్దు. లేదన్నవాడికి తన కాపలా అంటగట్టి పోదామని చూస్తున్నాడు గానీ, ఆకులేని సంచితో వచ్చినవాడు ఒక్కడూ లేడు. తను మాత్రం ఒకప్పుడు సంచి నిండా ముత్యాలు నింపుకుని, ఆకు మరిచి వచ్చాడట.

"ముత్తేలకు చోటు గావాలని ఆకులు పారేసినా," అని అడ్డగడియ నిట్టూర్చాడు. తిప్పడు తన సంచి మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

రెండో కోరికగా, తనను రెండు కాళ్ళ మీద లోపలికి పోనివ్వమన్నాడు. అడ్డగడియ ఒంగి అతని నోట్లోకి చూశాడు. నాలుక తెల్లగా ఉంది. పక్కకు జరిగాడు.

వాకిలి దాటుతుంటే సంచిలోని గాలం బట్టను చీల్చుకుని, టింగుమని పోయి ఓబులేసు ఖడ్గం పక్కన అతుక్కుంది. కత్తి రెండు చేతుల్లోనూ గిలగిలలాడింది. తిప్పడు దాన్ని కడుపులో పెట్టుకుని, గడప మీద పడి, అటువైపు దొర్లాడు. లేచి చూసుకుంటే రెండు కాళ్ళే ఉన్నాయి.

లోపల దారులు పేగుల్లా మెలికలు తిరిగాయి. ఒక దారి నడుస్తుండగానే మూసుకుపోయేది, ఇంకొకటి ఆవులించేది. తిప్పడు మైనపుదారానికి కత్తిని వేలాడగట్టాడు. దాని మొన గిర్రున తిరిగి వాకిలి వైపు నిలిచింది. దానికి వీపు పెట్టి నడిచాడు. మోకాలిలోతు గుంటలో దిగితే ఏనుగుజలగలు పిక్కలకు పట్టాయి. ఉప్పుగల్లు నమిలి ఉమ్మాడు, రాలిపోయాయి. ఆకుముక్క మాత్రం దవడలో భద్రంగా దాచుకున్నాడు. గుంట అవతల దారికి అడ్డంగా సాలెగూడు, ఒక్కొక్క పోగు చేంతాడంత. పెద్దకత్తి విసిరేచోటు కాదది, మోచెయ్యి ఆడదు. వేలెడు రేకుతో ఒక్కొక్క పోగే టపటపా కోశాడు. సాలీడు ఎనిమిది కళ్ళూ తెరిచేసరికి, చెకుముకి మీద కత్తి వీపు గీసి బూరుగుదూది అంటించి దాని ముఖాన విసిరి, కన్నంలోంచి అవతలికి దూకాడు.

దూకినచోట నువ్వుల వాసన.

కొండ కడుపంతా ఒక గానుగ. రోలు చెరువంత, రోకలి ధ్వజస్తంభమంత. దాన్ని తిప్పుతూ వందలాది ఎద్దులు, అన్నీ ఒకే నలుపు, ఒకే కొమ్ము, ఒకే ఎత్తు. ప్రతి ఎద్దుకూ మెడకొకటి, వెనకకాళ్ళకొకటి, రెండు తాళ్ళు. ఆ తాళ్ళన్నీ పైనున్న అటక మీదికి పోయి, అక్కడ గురక పెడుతున్న ధూమజటి నెత్తి మీద మొలిచాయి. అవి వాడి జడలే. పొగబిలంలోంచి పడుతున్న ఎండ అప్పుడే పసుపెక్కుతోంది. దీపాలవేళ దూరం లేదు.

ఇన్నింటిలో అన్న ఎవరు? తిప్పడు ఒక బండ ఎక్కి, ఎవరినీ చూడకుండా, గాలిలో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు. వాకిట్లో ఎర్రకుచ్చు ఖడ్గం ఒకటి చూశాననీ, మనిషెత్తు ఉందిగానీ దాని మీద కాకి గూడు పెట్టిందనీ, దాన్ని తెచ్చినవాడెవడో గానీ చిన్నప్పుడు బల్లిని చూసి గాదె ఎక్కేవాడని విన్నాననీ. ఎద్దులన్నీ తలలు వంచుకుని నడుస్తూనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఆగి, ముక్కుపుటాలు పొంగించి, తోకతో తొడ మీద ఫెడీమని కొట్టుకుంది.

తిప్పడు దాని మెడ కిందికి దూరి, మెడతాడుకు కత్తి పెట్టాడు. వజ్రాయుధానికి తెగదని పేరుపడ్డ జడ ఉల్లికాడలా తెగింది. ఏళ్ళ తరబడి ఉల్లిగడ్డలు కోసిన కత్తి మరి. తెగిన మరుక్షణం కొమ్ములు లోపలికి పోయాయి, మూపురం కరిగింది, నడుము దాకా ఓబులేసు బయటపడ్డాడు. నడుము కిందంతా ఇంకా ఎద్దే, తోకతో సహా.

"బల్లి కాదురా, అది ఉడుము," అన్నాడు ఓబులేసు మొట్టమొదట.

అటక మీద గురక ఆగింది. ఇనుము మోగింది. తను చంపినవాళ్ళ దయ్యాలు తనను పీక్కుతింటాయని భయపడి ధూమజటి ఒంటినిండా ఇనుమే తొడుక్కుంటాడు. మెడకు కంటెలు, చేతులకు కడియాలు, నడుముకు గొలుసులు, కాళ్ళకు అందెలు. బయటికి పోవాలంటే పొగయి బిలంలోంచి పోతాడుగానీ వాకిలి తొక్కడు. ఇప్పుడు పొగ మీద తేలుతూ కిందికి దిగి, తెగిన జడకొస చేతిలోకి తీసుకుని చూసుకున్నాడు. తర్వాత తిప్పడి చేతిలోకి చూశాడు.

"ఈ వేలెడు ముక్కతోనా నా జడ కోసినావు? మీయన్న తెచ్చిన కత్తికి పిడే ఇంతకన్నా పొడుగు."

"అందుకే గదా సామీ, అది వాకిట్లో వేలాడతాంది, ఇది ఈడిదాకా వచ్చింది."

మాంత్రికుడు నోటినుంచి పొగ వదిలాడు. అది తిప్పడి చీలమండలకు చుట్టుకుని పాకింది. పాదాలు బిగిసి గిట్టలయ్యాయి. మోకాళ్ళ మీద నల్లవెంట్రుకలు మొలిచాయి. పొగ నడుము దాటింది. కత్తి పట్టుకున్న వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. నోరు కూడా మూతి అయిపోకముందే తిప్పడు దవడలోని పచ్చిఆకును నాలుక మీదికి తెచ్చుకుని, గుహలన్నీ మారుమోగేలా మూడో కోరిక కోరాడు.

"మామా అడ్డగడియా, ఆ వాకిలి పెరుక్కుని ఇట్లా రా."

కొండ కదిలింది. గోడలు పగిలాయి. మెలికల దారులన్నీ తొక్కుకుంటూ, కాళ్ళకు సాలెగూడు ఈడ్చుకుంటూ, నల్లరాతి వాకిలిని పెళ్ళిపందిరిలా నెత్తిమీద మోసుకుని అడ్డగడియ వచ్చాడు. ముందు గానుగ ఇనప పట్టాలు దాని వైపు ఎగిరిపోయాయి. తర్వాత దీపస్తంభాలు. ధూమజటి మంత్రం సగం చదివాడు. మెడ కంటె అతణ్ణి ముందుకు లాగింది, అందెలు వెనక్కు తిప్పాయి, నడుముగొలుసు అడ్డంగా లేపింది. గాలిలో రెండు పిల్లిమొగ్గలు వేసి, తల కిందుగా, చేతులు బార్లా, వీరుల ఖడ్గాల నడుమ గబ్బిలంలా ఫటీమని అతుక్కుపోయాడు. ఒక అందె మాత్రం ఆలస్యంగా వచ్చి అతని ముక్కు మీద వాలింది.

పొగ విడిపోయింది. తిప్పడి గిట్టలు వేళ్ళయ్యాయి. కత్తిని రెండు చేతులతో కడుపుకు అదుముకుని, వేలాడుతున్న మాంత్రికుణ్ణి చూసి, నవ్వకూడదు నవ్వకూడదు అనుకుంటూనే నవ్వాడు. నవ్వుతూ గుటక వేశాడు.

దవడ తడుముకున్నాడు. ఆకు లేదు.

అడ్డగడియ అది చూశాడు. నోట్లో ఆకు లేనివాడికి కోరిక లేదు. వాకిలిని మెల్లిగా నేలకు దించి, దాని ముందు మళ్ళీ కూర్చుని, ఎన్నేళ్ళనాటి ఆశతోనో పెదవులు తడుపుకుని, చెయ్యి చాచాడు.

"ఇప్పుడు నువ్వు పెట్టరా అల్లుడా, వక్కాకు."

ఎద్దులు కూడా నిలబడి చూస్తున్నాయి. లేదంటే ఆ రాయి కింద తన బతుకు తెల్లారుతుంది. వాకిలి కాపరికి వాకిలి మీది యజమాని ఆజ్ఞే వేదం, తలకిందుగా ఉన్నా యజమాని యజమానే. ముందుగా చెప్పే పని, అన్నను మళ్ళీ కట్టెయ్యమనే. మాంత్రికుడి ముఖంలో అప్పుడే నవ్వు మొలుస్తోంది, తలకిందుగా కాబట్టి అది ఏడుపులా కనబడుతోంది.

తిప్పడు తొణక్కుండా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సంచిని ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళతో లోపలి అరలు ఒత్తి చూసుకున్నాడు. వక్కపలుకు ఉంది. సున్నం ఉంది, దండిగా ఉంది. అడ్డగడియ రాసిన సున్నమే, వెన్నముద్దంత. అదంతా ఒక్క ఆకుకు పూసి పెడితే ఎంత గాదె నోరైనా కోరిక కోరేలోపల పండి ఊరుకుంటుంది. కావలసింది ఆకు ఒక్కటే.

"పెడతా మామా, పెట్టకేం," అంటూ మూతి తాళ్ళు పట్టుకున్నాడు. అడిగినవాడికి లేదనకూడదన్నారుగానీ, సంచి ఎంతసేపట్లో విప్పాలో ఆ కట్టుబాటులో ఎవరూ చెప్పలేదు. కుడిచేత్తో ఒక ముడి విప్పాడు. ఎడమచేత్తో రెండు వేశాడు.

ఓబులేసు తమ్ముడి పక్కకు వచ్చి, వెనకకాళ్ళ జడను చూపించి, దాన్ని కూడా తొందరగా కొయ్యమని గొణిగాడు. తిప్పడు వంగి కోశాడు, అయితే కాళ్ళ దగ్గర కాదు, మూరెడు ఎగువన, గట్టి ముడి అట్లాగే ఉంచి. ఎద్దు నడుము ఎద్దు నడుములాగే ఉంది.

"అన్నా, ఏరు దాటి కొండ దిగితే కత్తులపేట. పదునుల పాపమ్మ మోకాలి కింద తడిగుడ్డలో నా ఆకులుండాయి," అన్నాడు తిప్పడు పెదవులు కదపకుండా. "నాలుగుకాళ్ళు ఉన్నప్పుడే పరిగెత్తు."

గిట్టల చప్పుడు గుహలో దూరమవుతుంటే, తిప్పడు తల వంచుకుని, ఎంతో శ్రద్ధగా, మూడో ముడి వేసుకున్నాడు.